ఎనిమిది బైట్ల ఫైలుతో మొదలుపెట్టండి: పాత డాస్ యుటిలిటీలను సేకరించే పద్ధతి

విండోస్ కంటే ముందు పీసీలను నడిపిన డాస్ కోసం రాసిన చిన్న చిన్న పనిముట్ల లాంటి ప్రోగ్రాములను, అంటే యుటిలిటీలను, నేను సేకరిస్తాను. నా సేకరణలో అన్నిటికంటే చిన్న ఫైలు ఎనిమిది బైట్లు. దాని పేరు కాండ్.కామ్ (COND.COM). 1990లో కాకినాడలో ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్లో ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన కొత్తల్లో, అక్కడ పాఠాలు చెప్పే సారు ఒకరు దాన్ని నా కళ్ళముందే రాశారు. ఒక రైస్ మిల్లు వాళ్ళ జీతాల పట్టీ ప్రింటు తీయాలి. పట్టీ వెడల్పు 132 కాలమ్‌లు, మా దగ్గరున్నది 80 కాలమ్‌ల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. దానికి 15 అనే సంకేతం పంపితే అక్షరాలు సన్నబడి 132 కాలమ్‌లూ ఒకే వరసలో పడతాయి. సారు డాస్‌తో వచ్చే డీబగ్ అనే ప్రోగ్రాము తెరిచి, నాలుగు లైన్లు కొట్టి, ఫ్లాపీలో దాచారు. ఆ రోజు నుంచి జీతాల పని ఉన్నప్పుడల్లా ముందు "కాండ్" అని కొట్టి ఎంటర్ నొక్కేవాళ్ళం.

ఆ సారు ఇప్పుడు లేరు. నాలుగేళ్ళ కిందట వాళ్ళావిడ ఫోన్ చేశారు. "అటక మీద ఏవో నల్లటి పలకలున్నాయమ్మా, పాత సామాన్లవాడికి ఇచ్చేయమంటావా?" అన్నారు. "ఇవ్వకండి మేడమ్, నేనొస్తున్నాను" అని ఆ సాయంత్రమే వెళ్ళాను. 62 ఫ్లాపీలు దొరికాయి. కాండ్.కామ్ వాటిలోనే ఉంది. ఈ పని చేయాలనుకునేవాళ్ళ కోసం నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎక్కడ వెతకాలో చెప్తాను. చాలామంది ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ చేయడంతో మొదలుపెడతారు. నా మాట వింటే దాన్ని చివరికి పెట్టుకోండి. అమెరికాలో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ సైనిక కేంద్రంలో సిమ్‌టెల్20 అనే కంప్యూటర్ ఉండేది. డాస్ యుటిలిటీలు వేలకొద్దీ అందులో పోగయ్యాయి. 1993లో అది మూతపడినా, ఆ ఫైళ్ళు వాల్‌నట్ క్రీక్ అనే సంస్థ వేసిన సీడీల్లో బతికాయి. ఫిన్లాండ్‌లో వాసా విశ్వవిద్యాలయం వాళ్ళు గార్బో అనే భాండారాన్ని నడిపారు. దాన్ని పెంచిన టిమో సాల్మి అకౌంటింగ్ ప్రొఫెసర్. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆయన సొంతంగా ఎన్నో చిన్న ప్రోగ్రాములు రాసి పంచిపెట్టారు. ఇలాంటి ప్రోగ్రాములను పంచిన పీసీ-సిగ్ అనే సంస్థ వాళ్ళ డిస్కులూ సీడీలుగా వచ్చాయి. ఇవి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. వాటికి మన అవసరం అంతగా లేదు.

మన ఊళ్ళలో, మన పనుల కోసం మనవాళ్ళు రాసుకున్న ప్రోగ్రాములు మాత్రం ఏ సీడీలోకీ ఎక్కలేదు. చిట్‌ఫండ్ వాయిదాల లెక్క కట్టేవి, ప్రింటర్ మీద తెలుగు అక్షరాలు చుక్కలు చుక్కలుగా పడేటట్టు చేసేవి, కరెంటు పోయి వచ్చాక డీబేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫైలు చెడిపోయిందో లేదో చూసేవి. అవి రాసినవాళ్ళ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో ఉంటాయి, లేదంటే ఎక్కడా ఉండవు. కాబట్టి మొదట మీ ఇల్లు, ఆ తర్వాత తెలిసినవాళ్ళ ఇళ్ళు. 1985 నుంచి 1995 దాకా కంప్యూటర్ సెంటర్లు నడిపినవాళ్ళు, ఆడిటర్ల దగ్గర డేటా ఎంట్రీ చేసినవాళ్ళు, డీటీపీ షాపుల వాళ్ళు, పాలిటెక్నిక్ లెక్చరర్లు. వీళ్ళను అడిగేటప్పుడు "యుటిలిటీలున్నాయా" అంటే తెల్లబోతారు. "పాత ఫ్లాపీలేమైనా పారేయకుండా ఉంచారా అండీ" అనండి. ఉంటే పెట్టెతో సహా తెచ్చుకోండి. పెట్టె మీద రాతలు, లోపల మడిచిపెట్టిన చీటీలు కూడా కావాలి.

ఇక ఫ్లాపీల సంగతి. అసలు కష్టమంతా ఇక్కడే.

కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళో ఫ్లాపీకి మొదటి శత్రువు బూజు. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీని వెలుతురుకి పట్టుకుని, మధ్య రంధ్రంలో వేలు పెట్టి మెల్లగా తిప్పుతూ, డ్రైవులో చదివే హెడ్డు తగిలే కిటికీలోంచి చూడండి. తెల్లటి మచ్చలో, సాలెగూడు లాంటి గీతలో కనిపిస్తే దాన్ని డ్రైవులో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీని కూడా గీకేస్తుంది. మొదటి వారంలో నేను చూసుకోకుండా పెట్టి, బాగున్న మూడు ఫ్లాపీలు పోగొట్టుకున్నాను. ఆ మూడింటిలో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

బూజు పట్టినదాన్ని ఇలా శుభ్రం చేస్తాను. పై తొడుగు ఒక అంచున బ్లేడుతో జాగ్రత్తగా కోసి, లోపలి పల్చటి డిస్కును అంచు పట్టుకుని బయటికి తీస్తాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది, నూగు రాలని గుడ్డకు అద్ది, నొక్కకుండా రెండువైపులా తుడుస్తాను. ఫ్యాను గాలి దుమ్ము తెస్తుంది కాబట్టి మూసిన గదిలో ఆరబెడతాను. పనికిరాని వేరే ఫ్లాపీ తొడుగులో దాన్ని పెట్టి చదువుతాను. పాత తొడుగు మీది లేబుల్‌ని ముందే ఫోటో తీసుకోవాలి, లేకపోతే ఏది ఏదో కలిసిపోతుంది. ఇలాంటి ప్రతి ఫ్లాపీ తర్వాతా డ్రైవు హెడ్డు కూడా తుడవాలి.

చదివే ముందు రాత తాళం వేయండి. దీని విషయంలో చాలామంది తికమక పడతారు. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి పక్కన ఉన్న గంటును స్టిక్కరుతో మూసేస్తే దాని మీద రాయడం కుదరదు. మూడున్నర అంగుళాలదానికి ఇది తిరగబడుతుంది, మూల రంధ్రం తెరిచి ఉంటేనే రక్షణ.

మూడున్నర వాటికి యూఎస్‌బీ డ్రైవు మార్కెట్లో దొరుకుతుంది, మామూలు 1.44 ఎంబీ ఫ్లాపీలకు అది చాలు. ఐదుంపావు వాటికి అలాంటి తేలిక దారి లేదు. సికింద్రాబాద్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర పాత సామాను అమ్మే ఒక కొట్లో నాకు 1.2 ఎంబీ డ్రైవు దొరికింది. దాన్ని గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుతో లాప్‌టాప్‌కి కలిపాను. ఆ డ్రైవుకి 12 వోల్టులు కావాలి, అది యూఎస్‌బీలో రాదు కాబట్టి పాత కంప్యూటర్‌లోని పవర్ సప్లై పెట్టె (ఎస్‌ఎమ్‌పీఎస్) పెట్టాను. ఈ బోర్డు ఫ్లాపీ మీది అయస్కాంతపు మార్పులనే ఉన్నవున్నట్టు పట్టుకుంటుంది. ముందు ఆ ముడి కాపీ దాచి, దాని నుంచి మామూలు ఇమేజ్ ఫైలు, అంటే ఫ్లాపీలోని బైట్లన్నీ వరసగా ఉన్న ఒకే ఫైలు, తీస్తాను. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే, ఫ్లాపీ చచ్చిపోయినా ముడి కాపీ నుంచి మళ్ళీ ప్రయత్నించవచ్చు.

1.2 ఎంబీ డ్రైవులో 80 ట్రాకులు (డేటా పడే గుండ్రటి గీతలు) ఉంటాయి, 360 కేబీ ఫ్లాపీ మీద 40 మాత్రమే. అందుకని హెడ్డు రెండేసి మెట్లు దాటుతూ చదివేటట్టు చెప్పాలి. చదవడానికి ఇబ్బంది లేదు. ఆ డ్రైవుతో 360 కేబీ ఫ్లాపీ మీద రాయడం మాత్రం వద్దు, గీత సన్నగా పడి పాత డ్రైవుల్లో చదవడానికి మొరాయిస్తుంది. ఇమేజ్ సరిగ్గా వచ్చిందా అన్నదానికి మొదటి గుర్తు సైజు. 360 కేబీదైతే 368640 బైట్లు, 720 కేబీదైతే 737280, 1.2 ఎంబీదైతే 1228800, 1.44 ఎంబీదైతే 1474560. ఒక్క బైటు తేడా ఉన్నా ఎక్కడో తప్పు జరిగింది, లేదా ఎవరో ఎక్కువ చోటు కోసం ఎఫ్‌డీఫార్మాట్ లాంటి యుటిలిటీతో ఆ ఫ్లాపీని సాగదీశారు. అలాంటివి యూఎస్‌బీ డ్రైవులో రావు, బోర్డుతోనే చదవాలి.

ఇమేజ్ చేతికొచ్చాక ఫైళ్ళ జాబితా ఒక్కటే చూసి వదలకండి. డాస్ ఒక ఫైలును చెరిపినప్పుడు నిజంగా చేసేది, జాబితాలో పేరు మొదటి అక్షరం తీసి హెక్స్‌లో (16 ఆధారంగా అంకెలు రాసే పద్ధతిలో) ఈ5 అనే గుర్తు పెట్టడం, ఆ ఫైలు వాడిన చోటును ఖాళీ అని రాసుకోవడం. లోపలి సరుకు అలాగే ఉంటుంది. పీటర్ నార్టన్ 1982లో తెచ్చిన యుటిలిటీలకు అంత పేరు రావడానికి, చెరిపినదాన్ని తిరిగి తెచ్చే అన్‌ఇరేజ్ ఒక పెద్ద కారణం. పెద్ద ఫైలైతే ముక్కలు ఎక్కడెక్కడున్నాయో తెలియక చిక్కు పడతాం. మనం వెతికేవి చిన్నవి. 360 కేబీ ఫ్లాపీ మీద చోటును 1024 బైట్ల గదులుగా పంచుతారు. ఎనిమిది బైట్ల ఫైలైనా ఒక గది మొత్తం తీసుకుంటుంది. ఒక్క గదిలో ఇమిడే ఫైలుకు ముక్కలనేవే ఉండవు, కాబట్టి ఆ గది మీద ఇంకేదీ రాయకపోతే మొత్తంగా తిరిగొస్తుంది. సారు ఫ్లాపీల్లో నాకు కాండ్.కామ్ దొరికింది ఇలాగే. జాబితాలో లేదు. మొదటి అక్షరం పోయి, "ఓఎన్‌డీ.కామ్" అని మిగిలింది. సైజు 8 అని చూడగానే గుర్తుపట్టాను.

తేదీలను అలాగే ఉంచండి, నమ్మడం మాత్రం చూసుకుని నమ్మండి. మా ల్యాబ్‌లోని ఎక్స్‌టీ అనే తొలినాటి పీసీలకు బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆన్ చేయగానే తేదీ, టైము అడిగేవి. పిల్లలు రెండుసార్లు ఎంటర్ కొట్టి ముందుకెళ్ళేవాళ్ళు. డాస్ లెక్క 1980 జనవరి 1తో మొదలవుతుంది కాబట్టి ఫైళ్ళన్నీ ఆ రోజే పుట్టినట్టు కనిపిస్తాయి. అలాంటి తేదీని దిద్దకూడదు. గడియారం లేని మెషీన్ మీద తయారైందని అదే మనకు సాక్ష్యం. అసలు ఏడాది మీకు వేరే విధంగా తెలిస్తే నోట్సులో రాసుకోండి.

వైరస్‌ల మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో ఫ్లాపీ చేతులు మారిందంటే వైరస్ కూడా మారినట్టే. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ 360 కేబీ ఫ్లాపీల బూట్ సెక్టార్‌లో, అంటే కంప్యూటర్ ముందుగా చదివే చోట, కూర్చునేది, ఫ్లాపీ లేబుల్‌గా తన పేరు పెట్టుకునేది. తెర మీది అక్షరాలను జలజలా కింద రాల్చే కాస్కేడ్ వైరస్, పేరు చివర కామ్ అని ఉండే ప్రోగ్రాము ఫైళ్ళకు 1701 లేదా 1704 బైట్లు కలిపేది. జెరూసలెం వైరస్ అయితే 1813. ఒకే ప్రోగ్రాము రెండు ఫ్లాపీల్లో దొరికి, సైజుల మధ్య తేడా సరిగ్గా ఈ అంకెల్లో ఒకటైతే, పెద్దది పాడైనదని తెలుసుకోవచ్చు. యాంటీవైరస్ చెప్పిన మాటే వేదమనుకోకండి. ఇప్పటివి కొన్నిసార్లు మంచి కామ్ ఫైళ్ళను కూడా వైరస్ అంటాయి, మీరు చూసేలోపే చెరిపేస్తాయి. అందుకే సేకరణ ఉన్న ఫోల్డరును దాని తనిఖీ నుంచి తప్పించి, ఇమేజ్‌లను వేరే హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టండి. వైరస్ ఉన్న ఇమేజ్‌ని చెరపవద్దు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో, పేరులోనే ఆ సంగతి తెలిసేటట్టు, విడిగా దాచండి.

చాలా యుటిలిటీలు మూటకట్టి, అంటే కొన్ని ఫైళ్ళను కుదించి ఒకే ఫైలుగా చేసి, ఉంటాయి. జిప్‌ని ఫిల్ కాట్జ్ 1989లో తెచ్చారు. అంతకు ముందు ఆర్క్ ఉండేది, ఆ ఆర్క్ విషయంలోనే ఎస్‌ఈఏ అనే కంపెనీతో కోర్టు గొడవయ్యాక ఆయన జిప్ వైపు వెళ్ళారు. జపాన్ నుంచి ఎల్‌హార్క్ వచ్చింది, 1991లో ఆర్జే వచ్చింది. తొలినాటి జిప్‌లలో కుదించే పద్ధతులు వేరు, అందుకే వాటిలో కొన్నిటిని విండోస్ తెరవలేక ఫైలు చెడిపోయిందంటుంది. చెడిపోలేదు, 7-జిప్‌తో తెరవండి. ఆర్క్ ఫైళ్ళకు మాత్రం డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్ల మీద డాస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆ మూటలు విప్పే పాత పీకేఎక్స్‌ఆర్క్‌నే నడపడం నాకు తేలికనిపించింది. విప్పాక మూటను పారేయకండి. ఏ ఫైళ్ళు కలిసి వచ్చాయో, వివరాలు చెప్పే రీడ్‌మీ ఫైలు ఏదో చెప్పేది ఆ మూటే. కొన్ని ఈఎక్స్‌ఈ ఫైళ్ళు తమను తామే కుదించుకుని ఉంటాయి. హెక్స్‌లో తెరిస్తే మొదట ఎమ్‌జెడ్ అనే రెండక్షరాలు, అవి మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మార్క్ జ్బికౌస్కీ పొడి అక్షరాలు. వాటి దగ్గరలోనే ఎల్‌జెడ్91 అని కనిపిస్తే అది ఎల్‌జెడ్‌ఈఎక్స్‌ఈతో కుదించినది. దాన్ని రాసిన ఫాబ్రిస్ బెలార్ తర్వాత క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాము) కూడా రాశారు. ఆయన అప్పుడు కుదించడం నేర్పిన ప్రోగ్రాములను ఇప్పుడు ఆయన ఎమ్యులేటర్‌లోనే నడిపి చూస్తున్నాం. నాకు ఇది చాలా సంతోషం కలిగిస్తుంది.

నడిపి చూడటానికి డాస్‌బాక్స్ చాలు. ఇంకా అచ్చమైన డాస్ కావాలంటే 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఫ్రీడాస్ ఉంది, ఉచితం. కొన్ని ప్రోగ్రాములు మొదలవుతూనే "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని ఆగిపోతాయి. టర్బో పాస్కల్‌తో రాసినవాటికి వేగమైన మెషీన్ల మీద వచ్చే జబ్బు అది. టైము కొలిచే దగ్గర భాగహారం తప్పుతుంది. డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కుతూ వేగం తగ్గించండి, మళ్ళీ నడపండి.

అసలైన పాత మెషీన్ మీ దగ్గర ఉంటే, డిస్కును నేరుగా ముట్టుకునే యుటిలిటీలను దాని మీద ప్రయోగించకండి. ముఖ్యంగా డిస్కు హెడ్డును పక్కకు జరిపే పార్క్. సీగేట్ ఎస్‌టీ-225 అనే 20 ఎంబీ హార్డ్ డిస్కులకు కరెంటు ఆగితే హెడ్డును పక్కకు తీసుకెళ్ళి పెట్టుకోవడం చేతకాదు. అందుకే అప్పట్లో మెషీన్ కదిపే ముందు, ఆపే ముందు పార్క్ అని కొట్టేవాళ్ళం. వేసవి కరెంటు కోతల టైములో మేము మధ్యాహ్నం పూట అరగంటకోసారి అది కొట్టి కూర్చునేవాళ్ళం, అంత టెన్షన్. అలాంటి ప్రోగ్రాముల్లో కొన్ని ఒక రకం డిస్కు కోసమే రాసినవి, వేరే డిస్కు మీద నడిపితే హెడ్డును ఎక్కడికి తీసుకెళ్తాయో చెప్పలేం.

వాడి చూడటంలో మీకు దారి చూపేది ఒకటే పేరు చెప్పమంటే వెర్నన్ బ్యూర్గ్ రాసిన లిస్ట్.కామ్ చెప్తాను. టైప్ అని కొడితే ఫైలు తెర మీద పరుగెత్తిపోయేది. లిస్ట్‌తో పైకీ కిందికీ వెళ్ళొచ్చు, వెతకొచ్చు, హెక్స్‌లో కూడా చూడొచ్చు. ఇప్పటికీ ఇమేజ్‌లోని ఫైళ్ళను నేను ముందు లిస్ట్‌తోనే తెరుస్తాను.

తెలుగు ఫైళ్ళు దొరికితే ఒక గుర్తు చెప్తాను. సీడ్యాక్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళ జిస్ట్ కార్డు పెట్టిన మెషీన్ల మీద డాస్‌లోనే తెలుగు కనిపించేది. ఆ అక్షరాలను ఇస్కీ అనే భారతీయ సంకేతాల్లో దాచేవాళ్ళు. కార్డు లేకుండా ఆ ఫైలు తెరిస్తే పెట్టెలు గీసే గీతలు, గ్రీకు అక్షరాలు కనిపిస్తాయి. ఇస్కీలో "క" సంఖ్య 179. మామూలు డాస్ తెర మీద 179 అంటే నిలువు గీత. కాబట్టి తెర నిండా గీతలుంటే ఫైలు చెడిందనుకుని చెరిపేయకండి. దాని లోపల తెలుగు ఉండి ఉండొచ్చు.

ఇక రాసుకోవడం. ఒక్కో ఫ్లాపీకి ఒక ఫోల్డరు, అందులో ముడి కాపీ, ఇమేజ్, లేబుల్ ఫోటో, ఒక టెక్స్ట్ ఫైలు. ఆ టెక్స్ట్‌లో ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ పనికి వాడారు, ఏ మెషీన్ మీద, చదివేటప్పుడు ఏ ట్రాకుల్లో తప్పులొచ్చాయి, ఇమేజ్ మారలేదని సరిచూసుకునే అంకె (చెక్‌సమ్) ఎంత అన్నవి రాస్తాను. ఇచ్చినవాళ్ళతో కూర్చుని అడిగి రాసుకున్న మాటలే వీటిలో అన్నిటికంటే విలువైనవి. మిల్లు జీతాల పట్టీ సంగతి నాకు తెలియకపోతే కాండ్.కామ్ ఎనిమిది అంకెల వరస తప్ప ఇంకేమీ కాదు. ఇచ్చినవాళ్ళ సొంత ఉత్తరాలు, లెక్కలు ఫ్లాపీల్లో బయటపడితే వాళ్ళకు చెప్పి, కాపీ ఇచ్చి, వాళ్ళు వద్దంటే నా దగ్గర తీసేస్తాను.

ఇతరులకు ఇచ్చేటప్పుడు హక్కుల సంగతి చూడండి. పబ్లిక్ డొమైన్ (ఎవరి హక్కులూ లేనిది) అని రాసి ఉంటే ఇబ్బంది లేదు. షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు పంపేది) అయితే రీడ్‌మీతో సహా మొత్తం మూటగానే పంచమని రాసినాయన అడిగి ఉంటారు, ఆ మాట నిలబెట్టండి. నార్టన్, సైడ్‌కిక్ లాంటివి డబ్బుకి అమ్మినవి, వాటిని దాచుకుంటాను కానీ పంచను. మనవాళ్ళు రాసినవాటికి కాగితం ఉండదు కాబట్టి వాళ్ళనో, వాళ్ళ ఇంట్లోవాళ్ళనో అడుగుతాను. కాండ్.కామ్ గురించి అడిగితే మేడమ్ "అందరికీ ఇవ్వమ్మా, ఆయనకి అదే ఇష్టం" అన్నారు.

అందుకే ఇక్కడ ఇస్తున్నాను. ఫ్రీడాస్‌లో డీబగ్ తెరిచి, ఏ 100 అని కొట్టండి. తర్వాత వరసగా మోవ్ ఏహెచ్,05, మోవ్ డీఎల్,0ఎఫ్ (0ఎఫ్ అంటే హెక్స్‌లో 15), ఇంట్ 21, ఇంట్ 20. ఖాళీ లైను మీద ఎంటర్ నొక్కి, ఆర్ సీఎక్స్ అని కొట్టి 8 ఇవ్వండి. ఎన్ అని కొట్టి పక్కన పేరు ఇవ్వండి, తర్వాత డబ్ల్యూ, చివరికి క్యూ. హెక్స్‌లో చూస్తే బీ4 05 బీ2 0ఎఫ్ సీడీ 21 సీడీ 20 అని ఉండాలి. సరిపోయిందా చూసుకుని, పక్కన టెక్స్ట్ ఫైలు తెరిచి, "కాకినాడ, 1990, జీతాల పట్టీ కోసం" అని రాసి పెట్టుకోండి.